పావలా అంత ఎండ

హిల్స్‌బరో దాటాక, పత్తి మానేసిన నల్లరేగడి మీద
రెండు వేల ఎకరాల అద్దాలు.
ఎండను కోసి తీగల్లోకి ఎక్కించడం మా పని.
నాది అందులో మరీ చిన్న ముక్క:
రేకుడబ్బా లాంటి గదిలో కూర్చుని
తెర మీద ఒక పచ్చగీత వంగకుండా చూడటం.

ఇవాళ వంగుతుంది. ఎప్పుడో, ఎంతో,
రెండు నెలల కిందటే అచ్చువేసి గోడకంటించారు.
“ఒకరు లోపలుండాలి” అన్నాడు రొజేలియో.
చీటీలు వేస్తే నా పేరొచ్చింది.

నవ్వొచ్చింది.
మూడో క్లాసులో, చీరాలలో, గ్రహణం పూట
కిటికీకి గోనెపట్టా కట్టి
దర్భపుల్ల వేసిన పచ్చడి జాడీతో పాటు
నన్నూ గదిలో పెట్టి గొళ్ళెం వేశారు.
జాడీకీ నాకూ ఏమీ కాలేదు.
ఇన్నేళ్ళకు మళ్ళీ లోపలే.

పన్నెండుంబావు దాటాక పట్టు.
తొమ్మిది వందలు. ఎనిమిది వందల నలభై. ఆరు వందలు.
తలుపు తీసి చూస్తే బయటంతా మామూలే.
సూర్యుణ్ణి మూడోవంతు తినేసినా
కన్ను సర్దుకుపోతుంది,
జీతం కోశారని చెప్పకుండా ఇల్లు నడిపే మనిషిలా.
మీటరు సర్దుకోదు.

అప్పుడు కిందికి చూశాను.

కప్పులో ఒక మేకు ఊడిన చోటుంది.
వాన కారుతోందని మూడుసార్లు రాశాను, ఎవరూ రాలేదు.
దాని కింద బకెట్టు.
ఎండ రోజుల్లో బకెట్టు పక్కన
పావలా అంత వెలుగు పడి, మెల్లగా జరుగుతుంది.
అది బల్లకాలు తాకితే నాకు భోజనం వేళ.

ఇవాళ ఆ పావలాను ఎవరో కొరికారు.

బల్లెక్కి చూశాను. రంధ్రం గుండ్రం కాదు.
చిరిగిన రేకు, మూడు మూలలు.
మరి ఇన్నాళ్ళూ నేల మీద గుండ్రంగా పడ్డదెవరు?
రెండేళ్ళు సూర్యుడి మీద కాలేసి నడిచాను.
ఒకసారి టీ కూడా ఒలికించాను.

అక్కడ కుడివైపు తింటుంటే
ఇక్కడ ఎడమవైపు తరుగుతోంది.
గోరంత అయింది.

రేడియోలో వర్నన్, మా గొర్రెల కాపరి:
“బయటికి రా, నా బండి చూడు.”
ఒక కాలు డ్యూటీలో ఉంచి, ఒక కాలు గడప దాటించాను.

ఈ వెలుగుకు పేరు లేదు.
నీరెండ అందామంటే అది ఏటవాలుగా, పసుపు కలుపుకుని వస్తుంది.
ఇది నడినెత్తి నుంచే, పొట్టి నీడలతో పడుతోంది,
ఒంట్లో సత్తువ మాత్రం లేదు. సత్తుగిన్నె రంగు.
ముంజేతి వెంట్రుకల నీడలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు,
చెయ్యి అడ్డంగా తిప్పితే అవే మసక.
ఎండ పలచబడేకొద్దీ పదునెక్కుతుందని
నాకెవరూ చెప్పలేదు.

వర్నన్ బండి తెల్ల బానెట్ మీద
సన్నని చారలు పరిగెడుతున్నాయి,
కాలవ అడుగున ఇసుక మీద అలల నీడల్లా.
ఆయన చేత్తో తుడవబోయాడు.

గీత సున్నాకు తగిలింది.

నైరుతి నుంచి చీకటి వచ్చింది, చప్పుడు లేకుండా.
ఎటు పోవాలో తెలియని సాయంత్రం
నాలుగు దిక్కులా అంచున నారింజరంగులో నిలబడింది.
గొర్రెలు అద్దాల కింద సర్దుకు పడుకున్నాయి.
గేటు దీపం దానంతటదే వెలిగింది.
రొజేలియో వాళ్ళ భాషలో ఏదో అరిచాడు, ఏడుపో నవ్వో.
నేనూ పైకి చూశాను. చూసింది రాయను,
రాసినవాళ్ళంతా ఉంగరమనే రాశారు.

వెనక్కి తిరిగితే గదిలో పావలా లేదు.
బకెట్టుంది.

నాలుగు నిమిషాలు. తర్వాత నేల మీద ఒక దారం,
ఈసారి రెండో పక్కన. దారం గోరయింది.
విడుపు.

నివేదిక నింపాలి. ఉత్పత్తి శూన్యం, కారణం?
మేఘం, దుమ్ము, మంచు, మరమ్మతు, ఇతరం.
ఇతరం నొక్కాను.

గురువారం నిచ్చెన వేసుకుని ఓడెల్ అనే అతను వచ్చాడు,
నాలుగో ఫిర్యాదు లేకుండానే.
“కారేది ఇక్కడేనా?”
ఇంకొన్నాళ్ళు కారనీ, అన్నాను.
వాన గురించి అనుకున్నాడు.